సరిపోయిన రక్తం

రక్తం సరిపోయింది. నా తలనొప్పంతా దానితోనే.

సక్కుబాయిది ఓ పాజిటివ్. ఆమెకి ఎక్కించిన ప్యాకెట్టూ ఓ పాజిటివ్. ఇచ్చేముందు బ్లడ్ బ్యాంకు వాళ్లు రెండింటినీ కలిపి పరీక్ష చేసి పర్వాలేదన్నారు. అయినా ప్యాకెట్ సగం ఖాళీ అయ్యేసరికి ఆమెకి మూత్రం ఎర్రగా దిగింది. మర్నాటికి కిడ్నీలు పనిచేయడం మానేశాయి. తుంటి ఎముక ఆపరేషన్ కోసం నడుచుకుంటూ కాకపోయినా నవ్వుకుంటూ వచ్చిన మనిషి ఇప్పుడు ఐసీయూలో డయాలసిస్ మీద ఉంది. వేరే గ్రూపు రక్తం ఎక్కిస్తే ఏమేం జరుగుతుందో అవన్నీ ఆమెకి జరిగాయి, కానీ వేరే గ్రూపు రక్తం ఎక్కించలేదు. దీనికి అర్థమేమిటో నిన్నటినుంచీ నాకు తెలియడం లేదు.

నా పేరు ప్రశాంతి. ఆ పేరు పెట్టినవాళ్లని మా ఆయన ఇప్పటికీ వెతుకుతుంటాడు. గచ్చిబౌలిలో ఒక లేడీస్ హాస్టల్ పై అంతస్తులో నా డిటెక్టివ్ ఏజెన్సీ. నాకొచ్చేవి ఎక్కువగా పెళ్లి సంబంధాల కేసులు. అబ్బాయి చెప్పిన జీతం నిజమేనా, అమ్మాయికి ఇంతకుముందు నిశ్చితార్థం అయిందా, ఇలాంటివి. రక్తం గురించి నాకు తెలిసింది శూన్యం.

ఈ కేసు తెచ్చినవాడు సక్కుబాయి కొడుకు నరేందర్. నానక్‌రామ్‌గూడలోనే పుట్టి పెరిగాడు. రాయదుర్గంలో ఒక ఆఫీసు టవరుకి మెయింటెనెన్స్ మేనేజరు. లిఫ్టులు, ఏసీలు, కరెంటు, ఫుడ్ కోర్టు, అన్నీ అతనే చూస్తాడు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లే పెంచింది. నా ఎదుట కూర్చుని ఏడవలేదు, అరవలేదు.

"మా అమ్మకు గిట్ల ఎవరు చేసిండ్రో నాకు తెల్వాలె అక్కా. దవాఖానోళ్లు చెప్పే మాట నేను నమ్మ."

ఆస్పత్రి వాళ్లు చెప్పే మాట ఏమిటంటే, తప్పు డాక్టర్ మౌనికది. ఆ అమ్మాయి హౌస్ సర్జన్. అంటే పరీక్షలన్నీ పాసై, ఏడాదిపాటు వార్డుల్లో పని నేర్చుకుంటున్న పిల్ల. వేరే మంచానికి పోవాల్సిన ప్యాకెట్‌ని సక్కుబాయికి తగిలించిందని వాళ్ల వాదన. సస్పెండ్ చేశారు. తప్పు నాదేనని రాసి సంతకం పెట్టమంటున్నారు. ఈ సాయంత్రం పోలీసులకి ఫిర్యాదు వెళ్తుంది, ఎఫ్ఐఆర్‌లో పేరు పడితే ఆ అమ్మాయి డాక్టరు బతుకు మొదలవకుండానే ముగుస్తుంది. ఇంత తొందరగా ఒక పిల్లని ముందుకి తోస్తున్నారంటే వెనకాల పెద్దవాళ్లెవరో ఉన్నారని నరేందర్ అనుమానం. నాకూ అలాగే అనిపించింది.

పొద్దున్నే బ్లడ్ బ్యాంకుకి వెళ్లాను. అది ఆస్పత్రిది కాదు, బయటది. అక్కడి డాక్టర్ రామ్మోహనరావుగారు పెద్దమనిషి. నేను నిన్న ఫోన్ చేసి అడిగేదాకా ఆయనకి సంగతే తెలియదట. తెలిశాక ఐసీయూ నుంచి సక్కుబాయి రక్తం తెప్పించుకుని తనే పరీక్ష చేశాడు. ఎవరి రక్తమైనా ఇంకొకరికి పడకపోతే, ఒంట్లో ఆ రెండు రక్తాలూ పోట్లాడుకున్న గుర్తు కొన్నాళ్లు ఉంటుందట. సక్కుబాయి రక్తంలో ఆ గుర్తు లేదు. పోట్లాట జరగలేదు. ప్యాకెట్లు మారాయన్న ఆస్పత్రి కథ అక్కడితో తేలిపోయింది.

"మరైతే ఏం జరిగిందండీ?" అని అడిగాను.

"ఆ రక్తం ఆవిడ ఒంట్లో చావలేదమ్మా. ముందే చచ్చిపోయిన రక్తాన్ని ఆవిడకి ఎక్కించారు."

వేడి తగిలితే చస్తుంది, గ్లూకోజు కలిస్తే చస్తుంది, ఇంకా సవాలక్ష దారులున్నాయి అన్నాడు. ప్యాకెట్ చేతికిస్తే అప్పటికప్పుడు చెప్పేవాణ్ణని, రోగికి చలో జ్వరమో రాగానే రక్తం ఆపి, మిగిలిన ప్యాకెట్టుని తమకి తిప్పి పంపాలన్నది నియమమని, ఈ చుట్టుపక్కల ఆస్పత్రుల నుంచి ఒక్క ప్యాకెట్ కూడా తిరిగిరాదని విసుక్కున్నాడు. వీళ్లెవరికీ రియాక్షన్లే రావేమో అని నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆయన మీద కాదు నా కోపం. శవం దొరకని హత్య కేసు నా నెత్తిన పడింది, శవం ఆ ప్యాకెట్టే.

అక్కణ్ణుంచి తిన్నగా ఆస్పత్రికి, ఆడవాళ్ల ఎముకల వార్డుకి. సక్కుబాయి మంచం ఖాళీగా ఉంది, దుప్పటి కూడా తీసేశారు. పక్కమంచం శారదమ్మది. ఆమె కాదు రోగి, కూతురు స్వప్న. బైక్ టాక్సీ మీద ఆఫీసుకి వెళ్తూ పడి తొడ ఎముక విరిగింది. పొద్దున ఆపరేషన్ అయిపోయింది, ఇంకాసేపట్లో పైకి తీసుకొస్తారని తల్లి ఎదురుచూస్తోంది. కడప వైపు మనిషి, పలకరిస్తే చాలు మాట్లాడుతుంది.

ఖాళీ మంచం చుట్టూ ఏం చూడాలో నాకు తెలియలేదు. స్టాండు ఉంది, ఆక్సిజన్ గొట్టం ఉంది, గోడకి చెత్తబుట్టలు రంగురంగులవి ఉన్నాయి. పసుపు బుట్టలోది రోజూ ఎత్తేస్తారట. మూలన బల్లమీద ఒక కరెంటు కెటిల్. అటెండెంట్లు టీకి నీళ్లు కాచుకునేది. నా కళ్లు దానిమీద ఆగిపోయాయి. వేడి తగిలితే చస్తుంది.

ఆ రోజు సంగతి అడిగితే శారదమ్మ గొంతు తగ్గించింది.

"పాపం ఆయమ్మ వణికిన వణుకుకి మంచం కదిలింది. మా దుప్పటి గూడా తీసి కప్పినాను. మూడు దుప్పట్లు, ఈ ఎండాకాలంలో."

వణుకు వచ్చిందని నాకెవరూ చెప్పలేదు. ఆస్పత్రి చెప్పలేదు, మౌనిక ఇచ్చిన వాంగ్మూలంలో రాలేదు. చలి ఎప్పుడు మొదలైందంటే రక్తం పెట్టిన కాసేపటికేనట. ఎర్ర మూత్రం ఆ తర్వాత చాలాసేపటికి. మధ్యలో అంతసేపు ఆ రక్తం ఎక్కుతూనే ఉందన్నమాట.

వెనకనుంచి ఓబులేసు గొంతు వినపడింది. ఈయన రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు, ప్రొద్దుటూరు మనిషి. ఇప్పుడు ఈ ఆస్పత్రి భద్రతంతా చూసేది ఆయనే. ఆస్పత్రి పరువు కాపాడటమే ఆయన ఉద్యోగం. ఇంతకుముందు రెండు కేసుల్లో నాకు ఎదురుపడ్డాడు, రెండిట్లోనూ నేను వెళ్లేలోపే తలుపులు మూసేశాడు.

"ఏం ప్రశాంతమ్మా, పెండ్లి సంబంధాలన్నీ అయిపోయినాయా, రక్తం మీద పడినావు?"

పొద్దున రామ్మోహనరావుగారు చెప్పింది చెప్పాను. ప్యాకెట్లు మారలేదు, మీ కథ చెల్లదు అన్నాను. ఓబులేసు మొహంలో ఏమీ మారలేదు. నా చూపు ఎక్కడుందో గమనించి కెటిల్ దగ్గరికి నడిచాడు. మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"అట్లయితే ఆ పిల్లే ప్యాకెట్‌ని వేన్నీళ్లలో ముంచింటాది. చల్లటి రక్తం తొందరగా ఎక్కాలని. ఏమైనా చేసింది ఆ పిల్లే గదా. సంతకం పెడితే అందరికీ పని అయిపోతాది."

కథ మారింది కానీ దోషి మారలేదు. ఒళ్లు మండింది. అయితే అంతకంటే బాధ ఏమిటంటే, ఆయన చెప్పింది నాకూ సబబుగానే తోచింది. నేను అనుకున్నదే ఆయన నోట వచ్చింది. మౌనికని రక్షించడానికి వచ్చి ఆమె మెడకి కొత్త ఉరి నేనే పేనినట్టయింది. మౌనికతో మాట్లాడాలన్నాను. వార్డులోకి ఆమె అడుగు పెట్టకూడదు, కింద డ్యూటీ రూములో ఉంది, మాట్లాడుకో అన్నాడు. అంత ఉదారంగా ఒప్పుకున్నాడంటే ఆమె ఇంక సంతకం పెట్టేస్తుందని ధీమా.

డ్యూటీ రూములో మౌనిక ఒక్కతే కూర్చుంది. ఎదురుగా తెల్లకాగితం, పెన్ను. ఇరవై మూడేళ్లుంటాయేమో. చలి వచ్చిందా అని అడిగితే రాలేదంది. రియాక్షన్ లాంటిదేమైనా అంటే లేదంది. మూడు దుప్పట్ల సంగతి చెప్పాను. అప్పుడు పెన్ను కింద పెట్టేసింది.

చలి వచ్చింది. రక్తం ఆపలేదు, వేగం తగ్గించింది. సీనియర్‌కి ఫోన్ చేస్తే ఎలర్జీని అణిచే ఎవిల్, హైడ్రోకార్టిజోన్ ఇంజెక్షన్లు చేసి నెమ్మదిగా పోనివ్వమన్నాడు. ఇంజెక్షన్లతో వణుకు తగ్గింది, రోగి మగతగా పడుకుంది, రక్తం పోతూనే ఉంది. యూరిన్ బ్యాగ్ ఎర్రబడ్డాక ఆపేసింది. ప్యాకెట్ పసుపు బుట్టలో పడేసింది. ఎందుకు పడేశావంటే, అన్ని ప్యాకెట్లూ అందులోనే పడేస్తారు కదా అంది. బ్లడ్ బ్యాంకుకి చెప్పాలని తెలుసా అంటే, పుస్తకంలో చదివిందట కానీ ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో ఎవరూ చూపించలేదట.

"మేమంతా ఇదే చేస్తాం మేడమ్. చలి వస్తే దుప్పటి, జ్వరం వస్తే బిళ్ల. కొంతమంది అసలు ఏమీ రాకముందే ఎవిల్ ఇచ్చేసి మొదలుపెడతారు. పోయిన నెల అజయ్ అని మా బ్యాచ్ అబ్బాయి, చలి రాగానే ఆపేశాడు. దాతల్ని వెతికి తెచ్చుకున్న ప్యాకెట్ వృథా చేశావని రోగి వాళ్లు తిట్టారు. రౌండ్స్‌లో అందరిముందూ సీనియర్, రక్తం ఏమైనా కుళాయిలో వస్తోందా అన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆపలేదు."

నాకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఈ పిల్ల అబద్ధం చెప్పింది నిజమే. ఆపాల్సినప్పుడు ఆపకపోవడమూ నిజమే. ఆపి ఉంటే సక్కుబాయికి ఇంత జరిగేది కాదు. ఆ మాట మొహంమీదే అన్నాను. తెలుసని తలూపింది, కళ్లనీళ్లు తుడుచుకోలేదు. కానీ ఆ రక్తాన్ని చంపింది ఈమేనా?

కెటిల్ సంగతి అడిగాను. వేన్నీళ్లలో ముంచావా?

లేదంది. వార్డులో ఎవరూ ముంచరట, ప్యాకెట్ మరీ చల్లగా ఉంటే అటెండెంటు చేతికిచ్చి కాసేపు ఒళ్లో పెట్టుకోమంటారట. అదొక అలవాటు. ఆ రోజు నరేందరే పెట్టుకున్నాడు. చేతులు ఓర్చుకోలేక రుమాలు చుట్టుకున్నాడట.

"అంత చల్లగా ఉందా?"

"చాలా. అంచులు గట్టిగా ఉన్నాయి. లేబుల్ మీద తెల్లగా పట్టేసింది మేడమ్. నంబరు కనపడకపోతే దూదితో తుడిచి చదివాను. గ్రూపు, నంబరు, పేరు మూడూ చూశాకే తగిలించాను. ఆ ఒక్కటీ నేను తప్పు చేయలేదు."

తెల్లగా పట్టేసింది. ఆ మాట నా చెవిలో పడి ఎక్కడా కుదురుకోలేదు. మా ఇంట్లో ఫ్రిజ్ నుంచి పాల ప్యాకెట్ తీస్తే దానిమీద చెమ్మ ఉంటుంది. తెల్లగా పట్టేది పైన, ఐసు గడ్డకట్టే అరలో పెట్టినవాటికే. బయటికొచ్చి రామ్మోహనరావుగారికి ఫోన్ చేశాను. మౌనిక చెప్పింది చెప్పాను. ఆయన తడిగానా తెల్లగానా అని రెండుసార్లు అడిగాడు. తాము చల్లటి జెల్ ప్యాకుల మధ్య, థర్మోకోల్ పెట్టెలో పెట్టి ఇస్తామని, అందులో ఎంతసేపున్నా తెల్లగా పట్టదని అన్నాడు.

"గడ్డకట్టిన రక్తకణం పగిలిపోతుందమ్మా. కరిగాక చూడ్డానికి రక్తంలాగే ఉంటుంది. కానీ లోపల బతికున్నది ఏమీ ఉండదు. ఎవరు గడ్డకట్టించారు?"

ఎవరు? బ్లడ్ బ్యాంకు నుంచి వార్డు దాకా ఆ పెట్టెని తెచ్చింది ఒక్కడే, నరేందర్. నేను మెట్లెక్కుతూ ఇంకెవరైనా మధ్యలో ఉంటే బాగుండునని వెతుక్కున్నాను. డ్రైవరో, వాచ్‌మనో, ఎవరో ఒకరు. ఫీజు ఇచ్చినవాడి మీదికే కేసు తిరుగుతుంటే డిటెక్టివ్ అనేది ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

నరేందర్ ఐసీయూ బయట బెంచీమీద ఉన్నాడు. పక్కన కూర్చుని, బ్లడ్ బ్యాంకు నుంచి సరాసరి ఇక్కడికే వచ్చావా అని మామూలుగా అడిగాను. దాచుకోవాలని అతనికి తోచనే లేదు. పైగా కొంచెం గర్వంగానే చెప్పాడు. రక్తం తీసుకుని బయల్దేరాక వార్డు నుంచి ఫోన్ వచ్చిందట, అమ్మని ఎక్స్‌రేకి తీసుకెళ్లారు, సాయంత్రం రమ్మని. అదే సమయానికి టవర్లో ఫైర్ డ్రిల్. వేలమందిని కిందికి దింపాలి, మేనేజరు లేకపోతే కుదరదు. పెట్టె కారులో వదిలితే ఎండకి రక్తం పాడవుతుందని భయం.

"ఫుడ్ కోర్ట్‌ల ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్ ఉంటది కద అక్కా. ఐస్‌క్రీములన్నీ పక్కకు జరిపి, ప్యాకెట్లు అండ్ల పెట్టి తాళమేసి చెవి నా జేబుల వేస్కున్న. డ్రిల్ అయిందాంక ఒక్కన్ని ముట్టనియ్యలే. గంత జాగ్రత్తగ తెచ్చిన."

నేను చెప్పాలి. అతని చేతులు చూస్తూ చెప్పాను. ఆ రక్తం గడ్డకట్టి అక్కడే చచ్చిపోయిందని, డాక్టర్ రామ్మోహనరావు అదే అన్నాడని, నువ్వు తెలియక చేశావని, చలి రాగానే ఆపి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని, అందుకు ఆ పిల్ల జవాబు చెప్పుకోవాల్సిందేనని. ఆఖరి రెండు ముక్కలూ అతనికి వినపడలేదనుకుంటా. లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. ఐసీయూ తలుపు వైపు చూశాడు. కొట్టినా బాగుండేది నన్ను.

ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, ప్యాకెట్లు రెండు తెచ్చిన."

నాకు వెంటనే అర్థం కాలేదు. రెండోది ఎక్కడుందన్నాను.

"వార్డ్ ఫ్రిజ్‌ల పెట్టిండ్రు. అమ్మకు ఇగ పనికిరాదన్నరు. పొద్దుగాల శారదమ్మ పెద్దమ్మ బిడ్డకు రక్తం దొర్కుతలేదని పరేషాన్ అవుతుంటే నేనే ఇచ్చిన. మా అమ్మకు దుప్పటి కప్పింది కదా అని. గ్రూప్ ఒక్కటే. మ్యాచింగ్ గూడ దవాఖాన ల్యాబ్‌ల అయింది."

పరిగెత్తాం. పరిగెడుతూనే మౌనికకి ఫోన్ చేశాను. మేం మూడో అంతస్తుకి చేరేసరికి ఆమె వార్డు తలుపు దగ్గర ఉంది, ఓబులేసు అడ్డంగా నిలబడి లోపలికి వద్దంటున్నాడు. ఆయనకి మొత్తం చెప్పే ఓపిక నాకు లేదు. లోపల ఎక్కుతున్నది కూడా అదే ఫ్రీజర్లోంచి వచ్చిన రక్తం, ఇంకో మనిషి పడితే ఎవరితో సంతకం పెట్టిస్తారని అడిగాను. ఓబులేసు నావైపు చూశాడు, నరేందర్ మొహం చూశాడు. పోలీసు బుద్ధి ఎక్కడికి పోతుంది, ఆ మొహం చదివేశాడు. తలుపు తనే తోసి పట్టుకున్నాడు.

స్వప్న హాయిగా నిద్రపోతోంది. వణుకు లేదు, మూలుగు లేదు. స్టాండుకి ప్యాకెట్ వేలాడుతోంది, మూడోవంతు అయిపోయింది. పక్కన డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మౌనిక చెప్పిన అజయే. ఎవిల్ ముందే ఇచ్చేశాను, చక్కగా పోతోంది అన్నాడు. మౌనిక అతనికి జవాబు చెప్పలేదు. వెళ్లి రక్తం ఆపేసింది. ఆ గొట్టం మొత్తం తీసేసి సెలైన్ పెట్టింది. సీనియర్‌ని అడగాలి కదా అని అజయ్ గొణిగాడు.

"అడుగు. నేనే ఆపానని చెప్పు. ముందు బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసి రియాక్షన్ అని రిపోర్ట్ చెయ్యి. ఆ ప్యాకెట్‌ని ఎవరూ ముట్టుకోవద్దు."

చెబుతూనే వంగి మంచం కిందనున్న యూరిన్ పైపు పైకెత్తి వెలుతురులో పట్టుకుంది. పసుపుగానే ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. మౌనిక మాత్రం పైపు వదల్లేదు, అలాగే చూస్తూ ఉంది. మేం చూస్తుండగానే ఆ పసుపు వెనకాల ఎరుపు మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

శారదమ్మ అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఏమైంది నాయనా, రక్తం ఎందుకు తీసేసినారు అని నరేందర్‌నే అడిగింది, ఇచ్చినవాడు అతనే కనక. ఓబులేసు ఏదో సర్దిచెప్పబోయాడు. నరేందర్ చెయ్యి అడ్డం పెట్టి ఆయన్ని ఆపాడు. ఆమెని తన తల్లి ఖాళీ మంచమ్మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నేను చెప్త. జర నా మాట మొత్తం విను."